డూప్ జీపుకి ఒరిజినల్ షాకులు

3 ఫిబ్రవరి 2004, మంగళవారం

జీపులు నాలుగంగుళాలు పైకి లేపాలట. హీరో బండి దిగేటప్పుడు కాలు మోపినట్టు కాదు, దూకినట్టు ఉండాలని డైరెక్టర్ గారి ఆర్డర్. మా షెడ్డు ఓనర్ చలపతిరావు గారు పొద్దున్నే వచ్చి, చూడమ్మా మనోజా, సాయంత్రానికి అయిపోవాలండీ అన్నారు. ఆయనకి కోపమొచ్చినా, పని పడినా ‘అండీ’ వస్తుంది.

రెండు జీపులూ ఒకేలా ఉంటాయి. ఒరిజినల్ హీరో కూర్చోవడానికి. డూప్ గాల్లోకి దూకించడానికి. దూకించేది మా ఆయన తిరుమలేశ్.

రెండింటికీ బండి బరువు మోసే కమాన్ పట్టీలు మార్చి ఎత్తు పెంచాం. ఒళ్ళు హూనమైంది. యూసుఫ్‌గూడలో సినిమాలకి అద్దెకిచ్చే బండ్ల కింద పడుకోవడానికా నువ్వు డిప్లొమా చదివింది అని అత్త అడుగుతుంది. రోజూ అడుగుతుంది. ఇవాళ జవాబు చెప్పే ఓపిక కూడా లేదు.

6 ఫిబ్రవరి, శుక్రవారం

ఒరిజినల్ జీపుని జాకీ మీద పెట్టి, చక్రాన్ని పూర్తిగా కిందికి వేలాడదీసి ఒకసారి, పూర్తిగా పైకి నొక్కి ఒకసారి కొలిచాను. షాక్ అబ్జార్బర్ ఈ రెండింటికీ సరిపోవాలి. బండి ఎత్తు పెంచి పాత షాకులే ఉంచితే, బండి ఊరికే నిలబడినప్పుడే అవి చివరిదాకా సాగిపోయి ఉంటాయి. గాల్లోకి లేస్తే చక్రాల బరువంతా వాటి బోల్టుల మీదే. పోనీ మరీ పొడుగువి వేస్తే, దిగేటప్పుడు నొక్కుకోవడానికి చోటుండదు. ఆ దెబ్బ తిన్నగా డ్రైవర్ నడుముకి.

నా కొలతలకి సరిపోయినవి కోయంబత్తూరు నుంచి వచ్చాయి. మంచి ఎర్ర రంగు. ఒక్క సెట్టే వచ్చింది. డూప్‌కి ఏవి సార్ అంటే, క్లోజప్‌లో కనిపించేది ఒరిజినలే కదండీ, డూప్‌కి ఉన్నవాటికే ఎర్ర రంగు కొట్టించమన్నారు ప్రొడక్షన్ వాళ్ళు అన్నారు చలపతిరావు గారు.

ఆర్ట్ డిపార్ట్‌మెంట్ నుంచి మనిషొచ్చి నా కళ్ళ ముందే పాత షాకులకి బ్రష్షుతో రంగు పూసి వెళ్ళాడు. మ్యాచ్ అయిందా మేడమ్ అని అడిగాడు కూడా. అయింది నాయనా, అచ్చు గుద్దినట్టు అయింది. కదలని బండికి మంచివి, ఎగిరే బండికి పెయింటు. వీళ్ళ బుద్ధి తగలెయ్య.

7 ఫిబ్రవరి, శనివారం

తిరుమలేశ్‌కి చెప్పాను. గిసొంటియి ఎన్ని దుంకించలే నేను, నువ్వు నోరు తెరవకు, తిరుమలేశ్‌కు భయమైందని ఇండస్ట్రీల పేరొస్తది అన్నాడు. అంటూనే నడుము పట్టుకుని లేచాడు. మూతి ముడుచుకున్నాను, చూడనట్టే ఉన్నాడు.

మాదాపూర్ కాల్ సెంటర్‌కి క్యాబ్ డ్రైవర్లు కావాలట. బోరబండ భిక్షం అన్న చేరిండు, నువ్వు గూడ పో అన్నాను. ఇంగ్లీషు పోరగాండ్లను ఇండ్లకాడ దించుడు నాతోని కాదు, ఈ జంపు అయినంక సూద్దాం అన్నాడు. ప్రతి జంపు ముందూ ఇదే మాట. వినీ వినీ విసుగొచ్చింది.

8 ఫిబ్రవరి, ఆదివారం

భయంగా ఉంది. ఎవరికి చెప్పాలో తెలియట్లేదు.

9 ఫిబ్రవరి, సోమవారం

బండ్ల పూజ అయింది. నిమ్మకాయలు తొక్కించారు. తర్వాత అందరూ భోజనాలకి పోయారు.

నేను పోలేదు. ఒరిజినల్‌లోని షాకులు విప్పి డూప్‌కి వేశాను. రంగు పూసినవి ఒరిజినల్‌కి. ఆ బండి ఎక్కడికీ పోదు. హీరో ఎక్కుతాడు, దిగుతాడు, కళ్ళజోడు తీస్తాడు. మరీ కదలాలంటే లైట్‌బాయ్స్ వెనక నుంచి తోస్తారు. దానికి ఏ షాకులైతే ఏంటి? రెండూ ఎరుపే. ఎవడు కనిపెడతాడు?

తిరుమలేశ్‌కి చెప్పలేదు. చెప్తే పోయి మళ్ళీ తనే మార్చేస్తాడు, మొండిఘటం. ఈ రాత్రి మాత్రం అన్నం సయించింది.

12 ఫిబ్రవరి, గురువారం, మధ్యాహ్నం

చలపతిరావు గారు లొకేషన్ నుంచి ఫోన్ చేశారు. ఎండలో డూప్ జీపు బాడీ రంగు వేరేగా పడుతోందని కెమెరామన్ గొడవట. జంపు కూడా ఒరిజినల్‌తోనే చేసేస్తున్నామండీ, మంచి షాకులున్నాయి, మీ ఆయనకి ఫికరే లేదు, సొట్టలు తీసే మనిషిని మాత్రం సాయంత్రం ఉండమనండి అన్నారు.

సార్ ఆపండి అన్నాను. ఏంటమ్మా, వినబడట్లేదు అన్నారు. కట్ అయింది. మళ్ళీ చేస్తే కలవట్లేదు. తిరుమలేశ్ ఫోన్ స్విచాఫ్. ఆటో ఎక్కి రాస్తున్నాను. చేతులు ఊరికే ఉండట్లేదు. కృష్ణానగర్‌లోనే ఇంత ట్రాఫిక్ ఏంటి తల్లీ!

అదే రోజు, సాయంత్రం

ఫిల్మ్‌నగర్ వెనక రాళ్ళగుట్ట. నేను చేరేసరికి ర్యాంపు రెడీ. తిరుమలేశ్ హీరో చొక్కా తొడుక్కుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. నేను అరిచింది ఎవరికీ వినబడలేదు. ఇంజిన్ స్టార్ట్ అయింది.

నేరుగా పోయి జీపు కిందికి దూరి పడుకున్నాను.

తిరుమలేశ్ ఇంజిన్ ఆపి దిగి వంగి చూశాడు. నీకేమన్న పిచ్చి లేసిందానె, లే అన్నాడు. లెవ్వ, గీ షాకులు దొంగయి, నేనే మార్చిన అన్నాను. మొత్తం యూనిట్ వింది. ఫైట్ మాస్టర్ బండిని జాకీ మీద లేపించి చూశాడు. చక్రం కిందికి దిగలేదు, బిగుసుకుపోయి ఉంది. వెంటనే ప్యాకప్ చెప్పించాడు. డైరెక్టర్ లైటు పోయిందని మెగాఫోన్ విసిరికొట్టాడు.

తిరుమలేశ్ ఆ చొక్కా విప్పి కాస్ట్యూమ్ వాళ్ళకిచ్చి, నా వంక చూడకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

13 ఫిబ్రవరి, శుక్రవారం

రేపట్నుంచి రావద్దండీ అన్నారు చలపతిరావు గారు. ‘అండీ’తోనే.

16 ఫిబ్రవరి, సోమవారం

డూప్‌కి మళ్ళీ రంగు కొట్టి జంపు చేశారట. చెన్నై నుంచి వేరే డ్రైవర్‌ని తెచ్చారట. పెళ్ళాం బండి కింద పడుకునే డ్రైవర్ మాకొద్దన్నారట. సింగిల్ టేక్‌లో ఓకే. దిగిన డ్రైవర్ నవ్వుతూ సిగరెట్ అడిగాడట. అడగడూ మరి? అవి నా కొలతలు.

తిరుమలేశ్ ఈ సంగతి అత్తకి చెప్తుంటే వంటింట్లోంచి విన్నాను. నాకు చెప్పలేదు.

21 ఫిబ్రవరి, శనివారం

మాట్లాడడు. కంచం పెడితే తింటాడు, గోడ వైపు తిరిగి పడుకుంటాడు. నడుముకి మందు రాస్తానంటే సీసా లాక్కుని తనే రాసుకున్నాడు. చెయ్యి అందదు కదా, సగమే రాసుకున్నాడు. పేరు పోయిందని ఆయన బాధ. పోతే పోయింది, మనిషున్నాడు. నేను తప్పు చెయ్యలేదు. చెప్పకుండా చెయ్యడం తప్పేమో. రెండూ నిజమే. నాకు నిద్ర చాలట్లేదు.

2 మార్చి, మంగళవారం

పొద్దున వాకిట్లో హారన్. తెల్ల సుమో, అద్దం మీద మాదాపూర్ కంపెనీ స్టిక్కర్. తిరుమలేశ్ దిగి, తాళాలు నా చేతిలో పెట్టి, ఎటో చూస్తూ, జర కింద సూడు మనోజా అన్నాడు.

గోనెసంచి పరుచుకుని దూరాను. షాకులు బాగానే ఉన్నాయి. ఆ మాట చెప్పడానికి కాసేపటిదాకా బయటికి రాలేకపోయాను.