సలోమి తొడుక్కున్న ఆకుపచ్చ కోటు

గాజులరామారం,
ఆదివారం, ప్రార్థన అయ్యాక

అక్కకు, బావకు తమ్ముడు దానియేలు వందనాలు. దేవుని దయవల్ల నేను ఇక్కడ తిరుగుతూనే ఉన్నాను. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? చిట్టి కాలేజీకి సరిగ్గా పోతోందా? నా తిండి గురించి బెంగపెట్టుకోకు. అన్నం వండుకుంటున్నాను, కూర మాత్రం కర్రీ పాయింటులో తెచ్చుకుంటున్నాను. నిజంగానే తింటున్నానక్కా.

మొన్న ఫోన్లో, నేను వెంట తెచ్చుకున్న సలోమి బట్టల మూటలో ఆకుపచ్చ కోటు ఉంది, ఎవరిదిరా అని అడిగావు. సిగ్నల్ లేదని పెట్టేశాను. సిగ్నల్ ఉంది. నోటితో చెప్పలేకే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ కోటు నీ మరదలే తొడుక్కుంది.

మా వీధి నువ్వు చూశావు కదా. చివర్న పార్కు అని బోర్డు ఉంటుంది, దాని కింద చెత్త పోసి తగలబెడతారు. సాయంత్రమైతే ఫ్యాక్టరీల వాసన కూడా తోడవుతుంది. నేను పగలంతా దూలపల్లిలో విల్లాల తోటలో ఉంటాను కాబట్టి నాకేం కాలేదు. ఆ పొగంతా సలోమి మింగింది. పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది. డాక్టరమ్మ మందులిచ్చి, పొద్దున పూట చెట్లున్న చోట కాసేపు తిప్పమంది. చెట్లున్న చోటు నాకు తెలిసింది ఒక్కటే, నేను నీళ్లు పోసే తోట.

ఆ తోటలోకి విల్లాల వాళ్లు, పనివాళ్లు తప్ప ఎవరూ రాకూడదు. పనివాళ్లకు ఆకుపచ్చ కోటు ఉండాలి, వెనక గేటు నుంచి రావాలి, బెంచీల మీద కూర్చోకూడదు. గేటు దగ్గరుండే మల్లేశ్ మంచివాడు. నా బాధ విని పాత కోటు ఒకటి తెచ్చిచ్చాడు.

"వదినెకు గీ కోటు తొడుగన్నా. చేతిల చీపిరి పెట్టు. చీపిరున్నోళ్లను గీడ ఎవ్వలు అడగరు" అన్నాడు.

అట్లాగే చేశాం. రోజూ తెల్లవారగానే బండి మీద ఎక్కించుకుని పోయేవాడిని. కానుగ చెట్ల దగ్గర దింపి, ఊరికే చీపురు పట్టుకుని మెల్లగా తిరుగు, మంచి గాలి పీల్చుకో అని చెప్పి, నేను అటు చివర పైపు పట్టుకునేవాడిని. వారం తిరిగేసరికి మనిషి తేరుకుంది. ఒకనాడు నడుం వాల్చి పడుకుని నిద్రపోయింది. ఎంత సంతోషపడ్డానో నీకు చెప్పలేను. అప్పుడే కదా నీకు ఫోన్ చేసి, నీ మరదలికి నయమైపోయిందని గొప్పలు చెప్పాను.

తర్వాత ఒక పొద్దున చూస్తే బాటలన్నీ శుభ్రంగా ఊడ్చి ఉన్నాయి. కొంగు ముక్కుకు చుట్టుకుని సలోమి ఊడుస్తోంది, చుట్టూ దుమ్ము లేస్తోంది. ఎందుకే ఈ పని అని కోప్పడ్డాను.

"ఊరికే నిలబడితే దొంగతనంగా వచ్చినట్టుండాదయ్యా. విల్లాల ఆయమ్మలు నడుస్తా నడుస్తా నా చేతిలో చీపురు వంక చూస్తన్నారు. నాలుగాకులు ఊడిస్తే ఏం పోయిద్ది?" అంది.

ఆ చీపురు అప్పుడే లాక్కుని ఉండాల్సింది. లాక్కోలేదక్కా. ఆ రోజే సూపర్‌వైజరు బాటలు బాగున్నాయని నన్ను మెచ్చుకున్నాడు, నాకూ బాగానే అనిపించింది. ఊడిస్తే ఊడవనీలే అనుకున్నాను. కష్టపడే మనిషి, ఖాళీగా ఉండలేదు అనుకున్నాను. చలి ముదిరింది, ఆకులు ఎక్కువ రాలాయి. ఒకనాడు అక్కడే దగ్గు పట్టుకుంది, ఇంటికొచ్చినా ఆగలేదు. ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టి, ఈమె దుమ్ములో పని చేస్తుందా అని డాక్టరు అడిగాడు. లేదు సార్ అన్నాను. కోటు సంగతి బయటపడితే మల్లేశ్ ఉద్యోగం పోతుందని, నాదీ పోతుందని భయపడ్డాను. సలోమి మంచం మీద నుంచి నా వైపే చూసింది. నాలుగో రోజుకు నువ్వు వచ్చావు. అప్పటికి అంతా అయిపోయింది.

మొన్న సోమవారం మళ్లీ పనిలోకి పోయాను. సూపర్‌వైజరు నన్ను ఆపాడు.

"గా చీపిరామె ఏది దానియేలు? ఆమె ఉన్నన్ని దినాలు బాటలు మస్తు సాఫ్ ఉండె. రేపటి సంది రమ్మను, రిజిస్టర్ల పేరెక్కిస్త" అన్నాడు.

రాదు సార్ అన్నాను. ఎందుకు రాదని ఆయన అడగలేదు. నేను పోయి కానుగ కింద బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. అక్కడ గాలి ఎంత చల్లగా ఉంటుందో అక్కా.

ఇదంతా చదివి నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ ఫోన్ చేయడం మానకు. మన పాస్టరుగారికి, చిన్నమ్మకు నా వందనాలు చెప్పు. చిట్టికి ముద్దులు. నీ ప్రార్థనలో నన్ను మరవకు.

ఆ కోటు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. ఇంట్లో ఉంచుకోలేకపోతే ఎక్కడన్నా గుంట తీసి పాతిపెట్టు. కాల్చొద్దు అక్కా, పొగ ఆమెకు పడదు.

నీ తమ్ముడు,
దానియేలు