బీడు మీద లాన్

సత్యవేడు దగ్గర, మన పల్లె
జనవరి

ప్రియమైన తమ్ముడు గిరికి, మీ అక్క కృపామణి దీవెనలు.

ఎన్నిసార్లు చేసినా నీ ఫోను మోగడం లేదు. మన పల్లెవాళ్ల నంబర్లన్నీ నువ్వు బ్లాకులో పెట్టావని పిల్లలు చెబితే నమ్మలేదు. నాది కూడా పెట్టావా? సరే, పోస్టు డబ్బాకు బ్లాకు ఉండదు కదా, అందుకే రాస్తున్నాను.

పల్లె వెనక బీడును మీ యజమాని పరంధామయ్య కొన్నాడట. పోరంబోకును ఎవరు అమ్మారో ఆ దేవుడికే తెలియాలి. కొలతలు వేసేవాళ్లు వచ్చి ఇక్కడ లాన్ వస్తుందన్నారు. లాన్ అంటే ఏమని మన పాస్టరమ్మ స్రవంతిని అడిగాను. ఆమెది మగ్గాల ఊరు నగరి కదా, లాన్ అంటే పల్చటి నూలుగుడ్డ, ఎండాకాలం ఒంటికి హాయిగా ఉంటుందని చెప్పింది. మగ్గాలు పెడతారేమో, పని దొరుకుతుందని ఆడవాళ్లు సంబరపడ్డారు. మీ బావ ఆయాసంతో మంచం మీద ఉన్నవాడు లేచి కూర్చుని, "గుడ్డో గడ్డో, మనోళ్లు పండుకోనుండే సోటు అది. గిరిని అడుగు" అన్నాడు.

అమ్మ అక్కడే ఉంది గిరీ. మనవాళ్లు గోరీలు కట్టరు, రాళ్లు నాటరు. పూడ్చిన చోట గడ్డికి కొడవలి పెట్టరు, అంతే. ఏపుగా పెరిగిన ఆ దుబ్బులే మనకు గుర్తు. రేపు మమ్మల్ని పూడ్చాలన్నా మనకు వేరే చోటు లేదు. ఆ బీడును వదిలేయమని మీ యజమానికి చెప్పు నాయనా.

నీ కోసం ప్రార్థించే
అక్క కృపామణి

తిరుపతి
ఫిబ్రవరి

ప్రియమైన అక్కకు, గిరి వందనాలు.

ఫోను సంగతికి కోపం తెచ్చుకోవద్దు. యజమాని ఎప్పుడూ పక్కనే ఉంటాడు. మన పల్లె నుంచి ఫోను వచ్చిందంటే, నేను ఎవరి మనిషినో అన్నట్టు నా మొహంలోకి చూస్తాడు. ఏం చెప్పాలన్నా ఇంటి అడ్రసుకు రాయి.

లాన్ అంటే గడ్డే అక్కా. ఒత్తుగా, సమంగా పెంచిన పచ్చగడ్డి. దాని మీద పెళ్లిళ్లు చేస్తారు కాబట్టి ఆ చోటును కూడా లాన్ అనే అంటారు. తిరుపతిలో ఇప్పుడు కల్యాణమండపం అంటే మొహం తిప్పుకుంటున్నారు, లాన్ అంటేనే బుకింగులు. ఇప్పుడు ఉన్నదీ గడ్డే, రాబోయేదీ గడ్డే. నష్టమేముంది?

మన సమాధుల మూలను ముట్టుకోరు. చుట్టూ కంచె వేసి, శవాన్ని తీసుకుపోవడానికి దారి వదులుతారు. యజమాని నాకు మాటిచ్చాడు. అడ్డం పడుతున్నవాళ్లకు నువ్వు నచ్చజెప్పు, నీ మాట కాదనరు. ఇది పూర్తయితే అక్కడ మేనేజరును నేనే. బావను అడిగానని చెప్పు.

నీ తమ్ముడు
గిరి

మన పల్లె
ఏప్రిల్

ప్రియమైన గిరికి, అక్క రాయునది.

నచ్చజెప్పాను. ఆదివారం ప్రార్థనలో లేచి నిలబడి, నా తమ్ముడు మాటిచ్చాడు, నాదీ పూచీ అన్నాను. గొడవకు లేచినవాళ్లు కూర్చున్నారు. ఆ తర్వాత కూలికి పిలిస్తే పారలు పట్టుకుని అందరం పోయాం. లారీల్లో చాపల్లా చుట్టి తెచ్చిన గడ్డిని పరిచింది మేమే. అది మేసే గడ్డి కాదట, కూర్చునే గడ్డి కూడా కాదట. మా ఆవు మెడ చాచిందని వాచ్‌మన్ కర్ర తీశాడు.

మొన్న శ్రీహరికోటలో రాకెట్ లేచిన పూట, పల్లెంతా మిద్దెలెక్కి ఆకాశంలోకి చూస్తుంటే నేల చదును చేసే మిషను మన సమాధుల మూలకు వచ్చింది. దిగి పరుగెత్తేసరికి దుబ్బులన్నీ చదునైపోయాయి. అమ్మ ఎక్కడుందో నాకిప్పుడు తెలియదు గిరీ. ఇక్కడేమో అనుకుంటాను, రెండడుగులు వేస్తే అక్కడేమో అనిపిస్తుంది. ఏటా లాగే ఈస్టరు తెల్లవారుజామున సమాధుల మీద పెట్టే పూలు చేతపట్టుకుని అందరం పోయి, గేటు తీయకపోతే బయటే నిలబడ్డాం. "నీ తమ్ముని మాట యాడికి పోయిందమ్మే?" అని ఒక ముసలమ్మ అడిగింది.

ఒక్కసారి వచ్చి మాట్లాడు. పోయినవాళ్ల సంగతి సరే, పోబోయేవాళ్లకైనా కాస్త చోటు ఇప్పించు. మీ బావ గంజి కూడా మింగలేకపోతున్నాడు. నాకు భయంగా ఉంది.

నీ అక్క
కృపామణి

తిరుపతి
మే

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేకపోయాను, మన్నించు. మిషను సంగతి నాకు ముందు తెలియదు. తెలిసినా ఆపగలిగే స్థితిలో లేను. తవ్వలేదు కదా, పైపైన చదును చేశారు. అమ్మ ఉన్నచోటే ఉంది. బాధపడకు.

నన్ను మేనేజరును చేశారు. మొన్ననే మొదటి ముహూర్తం, చాలా పెద్దవాళ్ల పెళ్లి. నేను తిరుపతిలో పూలు పురమాయిస్తూ ఉండగా, మన పల్లెవాళ్లు ఎవరిదో శవాన్ని మోసుకుని గేటు దగ్గరికి వచ్చారని వాచ్‌మన్ ఫోను చేశాడు. పంపించేయమన్నాను. ఇంకేం చేయను? మనవాళ్లకు సమయం సందర్భం ఉండదు. నువ్వైనా చెప్పు.

మంచి కబురు దాచి ఉంచాను. మన లోహితకు సంబంధం కుదిరింది. వచ్చే నెల పెళ్లి. యజమాని ఆ లాన్‌నే ఉచితంగా ఇస్తానన్నాడు. పల్లెలో ఎవరికీ చెప్పకు, నువ్వూ బావా రండి. నన్ను సైకిలు మీద సత్యవేడు బడికి తీసుకుపోయి దించింది ఆయనే. నా కూతురి చెయ్యి పట్టి నడిపించాల్సింది కూడా ఆయనే. కారు పంపుతాను.

నీ గిరి

మన పల్లె
మే

గిరికి,

ఆ శవం మీ బావ.

ఆ పొద్దున ఆయన పోయినప్పటి నుంచీ నీకు ఫోను చేస్తూనే ఉన్నాను. నా ఫోను, పాస్టరమ్మ ఫోను, పక్కింటివాళ్ల ఫోను, దేని నుంచీ నువ్వు పలకలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ చేస్తే వెంటనే ఎత్తావు. అతను స్పీకరు పెట్టాడు. నీ గొంతు వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మనవాడే, తీయిస్తాడు అనుకున్నాను. "ముహూర్తం పూట శవమేంది? గేటు తీయబాక, పంపించెయ్" అన్నావు. పోయింది ఎవరని అడగలేదు. పాడె పక్కన నేనున్నాను గిరీ, అంతా విన్నాను. నీ పేరు పెట్టి పిలిచేలోపు ఫోను పెట్టేశావు.

పాడెను ఎండలో దించి చాలాసేపు కూర్చున్నాం. లోపల గడ్డికి నీళ్లు చల్లుతున్నారు. లాన్ అంటే ఏమని ఇంక నేను ఎవరినీ అడగనక్కర్లేదు. మనం పరచాలి, మనం తొక్కకూడదు. సాయంత్రం ఏటి దగ్గరికి మోసుకుపోయాం. ఇసుకలో పూడిస్తే వరదకు తేలతాడని కాల్చాం. మన ఇంట్లో ఇంతవరకూ ఎవరినీ కాల్చలేదు. మీ బావను కాల్చాం.

పల్లెవాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. ఇంటికి అన్నం తెస్తున్నారు, ఒంటరిగా పడుకోనివ్వడం లేదు. పూచీ పడింది నేను. నన్ను తిట్టి ఉంటే తేలికగా ఉండేది.

లోహిత మీద నాకు కోపం లేదు, చల్లగా ఉండాలి. నేను రాను. కారు పంపవద్దు, ఉత్తరం రాయవద్దు. నేను పోయిన రోజు నీకు కబురు చేయవద్దని పాస్టరమ్మకు చెప్పి ఉంచాను.

కృపామణి