అన్న బెల్లం, నల్ల బీరు

డిసెంబర్ 5

సీసాలు పగల్లేదు. మూడూ క్షేమం. హైదరాబాద్ నుంచి ఒళ్లోనే పెట్టుకుని వచ్చాను. తువ్వాళ్లలో చుట్టి, పసిపిల్లల్ని పట్టుకున్నట్టు. పక్క సీటాయన అడిగాడు — "ఏందన్నా అది, నెయ్యా?" అవునన్నాను. నెయ్యే.

బోధన్ బస్టాండులో అన్న నిలబడి ఉన్నాడు. నల్ల లుంగీ, నల్ల చొక్కా, ఒట్టి కాళ్లు, మెడలో అయ్యప్ప మాల.

"ఎప్పుడేసుకున్నవన్నా?"

"నిన్న. అన్న అనొద్దు. స్వామి అనాలె."

అన్నాను. స్వామీ అన్నాను, నన్ను మోసి పెంచిన మల్లేశన్నను. నవ్వి నా బ్యాగు అందుకున్నాడు. సీసాల సంచి మాత్రం నేను ఇవ్వలేదు.

ఇక జనవరి దాకా అంతే. మందు ముట్టడు. కోపం తెచ్చుకోడు. ఈ మూడింట్లో ఒక సీసా ఆయన కోసమే తెచ్చాను. ఏడాదిగా ఎదురుచూసింది ఇద్దరం. ఫోన్లో ఒక్క మాట చెప్పి ఉంటే...

డిసెంబర్ 6

వదిన సంచి చూడగానే పసిగట్టింది.

"మాల ఉన్న ఇంట్ల గది పెడ్తవా శ్రీకాంత్? నీకేమన్న తెలివుందా?"

"మందు కాదు వదినా, నా పని. నేను చేసింది."

"నువ్వు చేసినా మందు మందే. బయట పెట్టు."

బయట అంటే ఎక్కడ? చెట్టు కిందా? ఎండకా? చివరికి ఇలియాస్ పంక్చర్ దుకాణం. చిన్నప్పటి దోస్తు. మందు వాసన కూడా పడనివాడు. సంచి వైపు చూశాడు, నా వైపు చూశాడు. "అండ్ల ఏముందో నేను అడగలే, నువ్వు చెప్పలే," అని పాత టైర్ల వెనక్కి తోశాడు. పక్కనే గాలి మిషన్, దాని వేడి. చల్లగా ఉండే మూల చూడమని అడగాలనుకున్నాను. అడిగే మొహం లేదు.

డిసెంబర్ 7

పొద్దున్నే అన్న చెలకకు తీసుకెళ్లాడు. ఎక్కడైతే పసుపు ఉండాలో అక్కడ చెరుకు. గట్టు దాకా చెరుకు.

"పసుపు ఏది?"

"పెట్టలే. నీ బీరుకు బెల్లం గావాలె గద. ఈసారి అంతా మనదే పోవాలె."

నేనెప్పుడు చెప్పాను అంతా కావాలని? పోయిన చలికాలం అన్న పెనంలోంచి దించిన బెల్లం అచ్చులు బస్సు డిక్కీలో వేసుకుపోయాను, అంతే. హైదరాబాద్‌లో మేం బీరు కాచి అమ్మే చోట, మా ఓనరు సార్‌ను బతిమాలి, ఒక్కసారి చేసి చూద్దామని. ఇంపీరియల్ స్టౌట్. నల్లగా, చిక్కగా, మామూలు బీరుకు రెండింతల బలం. విస్కీ నిలవ ఉంచి ఖాళీ చేసిన ఓక్ పీపాలో పోసి ఏడాది పెట్టాం. బాగా వస్తే ఏటా చేద్దామన్నాడు సార్. ఆ "వస్తే" అన్న మాట అన్నకు చెప్పానా? చెప్పాను. ఆయన వినలేదు. ఆయన విన్నది "ఏటా" మాత్రమే.

చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక్కడ చెరుకు వేసేవాళ్లే తగ్గిపోయారు. అన్న వదల్లేదు. సొంతంగా గానుగ పెట్టుకుని బెల్లం వండుతున్నాడు. ఇప్పుడు నా వల్ల పసుపు కూడా వదిలేశాడు.

చెరుకు బాగుంది. అదే బాధ.

డిసెంబర్ 10

నిజామాబాద్. నవీన్ బార్. మధ్యాహ్నం, జనం పెద్దగా లేరు. నవీన్ నాతో ఇంటర్ చదివాడు, ఇప్పుడు గల్లా మీద కూర్చుంటాడు. నాకు కాస్త నీడ, శుభ్రమైన గ్లాసులు కావాలి. అవి దొరికాయి.

మొదటి సీసా తీశాను. మూత సన్నగా బుస్సుమంది.

నలుపు. వెలుతురుకు పెట్టినా నలుపే. పైన గోధుమ రంగు నురగ, పలచగా, వెంటనే పోయింది. ముక్కు పెట్టాను. ముందు వేయించిన కాఫీ గింజ, కాస్త మాడుగా. దాని వెనక తడి చెక్క. ఆ వెనక వెనిలా, అది ఓక్ పెట్టిన వాసన. నాలుక మీద నూనెలా జారింది. గొంతులో వెచ్చదనం. ఇంతవరకు నేను కలగన్నదే. నవ్వుకున్నాను కూడా.

అప్పుడు వచ్చింది. దవడల మూలల్లో. సన్నటి పులుపు... పొద్దుటి కల్లు మధ్యాహ్నానికి పులిసినట్టు.

నీళ్లు తాగాను. మళ్లీ చూశాను. పులుపు. బ్రెడ్డు ముక్క నమిలి మళ్లీ చూశాను. పులుపే.

"నవీన్, పులుపు తెలుస్తోందా?"

"పులుపేంది? చేదు రా. దగ్గు మందు లెక్కుంది. ఐస్ ఎయ్యనా?"

"వద్దు."

వేశాడు. ఏడాది పీపాలో నిద్రపోయిన దాంట్లో ఐసు ముక్కలు! పైగా సోడా కూడా తెప్పించబోయాడు. ఆ మూల టేబుల్ దగ్గర అన్నం తింటున్న పెద్దాయనకు కాస్త పోసిచ్చాడు, నేను వద్దంటున్నా. ఆయన ఒక గుక్క తాగి మర్యాదగా వెనక్కిచ్చాడు. "మస్తు తియ్యగుంది బిడ్డా. నాకు షుగరు."

ఒకరికి చేదు, ఒకరికి తీపి, నాకు పులుపు. ఎవరిని అడగాలి? ఎవరూ లేరు ఇక్కడ. నా నాలుక ఒక్కటే ఉంది, దాన్ని నేను నమ్మాలి.

నమ్ముతున్నాను. పాడైంది.

డిసెంబర్ 11

సార్‌కు ఫోన్. ఆయన కూడా నిన్న పీపాలోంచి తీసి తాగారట. పులుపు ఆయనకూ తెలిసింది. ఒక్క క్షణం సంతోషమేసింది — నా నాలుక నిజం చెప్పిందని. ఆ తర్వాతి మాటకు ఆ సంతోషం కాస్తా పోయింది.

"ఆ బెల్లం వల్లే శ్రీకాంత్. పల్లెటూరి బెల్లం కదా, ఏం కలిసిందో ఏమో."

"బెల్లం మరిగించాం సార్. బార్లీ మాల్ట్‌తో పాటే మరిగింది. అంత మరిగాక ఏ క్రిమి బతుకుతుంది? పీపా సార్. ఎండిపోయిన పీపా వచ్చింది. చెక్కల మధ్య సందు ఉందని నేను అప్పుడే చూపించాను. లోపలికి గాలి పోయింది, పులిసింది."

"పీపాకు ఏం కాలేదు. నేను చూసి కొన్నాను దాన్ని."

అదీ సంగతి. పీపా ఆయన కొన్నారు. బెల్లం నేను తెచ్చాను.

వచ్చే ఏడాది కాఫీ వేద్దామన్నారు. బెల్లం వద్దన్నారు.

డిసెంబర్ 12

అన్నకు చెప్పలేదు. నోటి దాకా వచ్చింది. పూజలో ఉన్నాడు.

డిసెంబర్ 15

ఇలియాస్ ఫోన్. "జల్ది రా. నీది పేలింది."

వెళ్లేసరికి దుకాణమంతా నల్లటి తడి. గాజు ముక్కలు ట్యూబుల మీద. నమాజుకు వెళ్లొచ్చిన వాళ్లు బయట నిలబడి ముక్కు మూసుకుంటున్నారు. ఇలియాస్ గుడ్డతో తుడుస్తున్నాడు. గుడ్డ లాక్కోబోయాను, ఇవ్వలేదు.

"దోస్తువని పెట్టనిచ్చిన," అన్నాడు చివరికి. "గిప్పుడు అందరి ముంగట నేను తాగుబోతునైన."

లోపల ఏదో బతికే ఉంది, ఇంకా పులుస్తోంది, గ్యాసు పడుతోంది, అందుకే పేలింది — అని వివరించబోయాను. "నాకెందుకు చెప్తున్నవ్ రా గదంతా?" అన్నాడు. నిజమే. వాడికెందుకు.

మిగిలింది ఒక్క సీసా. మూత కాస్త వదులు చేసి గ్యాసు వదిలి, మళ్లీ బిగించి, గానుగ దగ్గర తడి ఇసుకలో పాతిపెట్టాను. వదినకు తెలీదు.

డిసెంబర్ 21

రాయాలంటే చేయి రావడం లేదు. అయినా రాస్తాను.

సార్ వచ్చారు. కుటుంబంతో బాసర వెళ్తూ, "మీ ఊరు దారిలోనే కదా" అని. నేను కారు దగ్గరే ఆపాలని చూశాను. అన్న అప్పటికే ఎదురెళ్లి చేతులు జోడించాడు. గానుగ ఆడుతోంది, పెనంలో రసం ఉడుకుతోంది. మేడమ్ ఫోన్లో వీడియో తీసుకున్నారు. అన్న మోదుగాకులో వేడి బెల్లం పెట్టి ఇచ్చాడు. సార్ వేలితో తీసి నాకారు, కళ్లు మూసుకున్నారు.

"స్వామీ, ఇలాంటి బెల్లం నేను ఎక్కడా తినలేదు. మీ పంట మొత్తం మాకే. ఎవరికీ ఇవ్వకండి."

అన్న మొహం! ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో కూడా అలా వెలిగి ఉండదు.

కారు ఎక్కబోతుంటే పట్టుకున్నాను. "సార్, మీరు బెల్లం వద్దన్నారు కదా."

"అబ్బా శ్రీకాంత్... రైతు ముందు ఇంకేం అంటాం? పాపం ఫీలవుతాడు. నువ్వే మెల్లగా చెప్పు."

అద్దం ఎక్కింది. నేను దుమ్ములో నిలబడ్డాను.

మెల్లగా చెప్పాలట.

డిసెంబర్ 22

ధర్మాబాద్ నుంచి బెల్లం సేటు వచ్చాడు, ప్రతి ఏడూ వచ్చేవాడే. మరాఠీ, తెలుగు కలిపి మాట్లాడతాడు. అచ్చు విరిచి చూసి, "చాంగ్లా ఆహే, మంచిగుంది మల్లేశ్, బండి ఎప్పుడు తెమ్మంటవ్?" అన్నాడు. అన్న నవ్వుతూ తల ఊపాడు — లేదు సేట్, ఈసారి మాట ఇచ్చేసిన.

సేటు వెళ్లిపోతున్నాడు. నేను వెనక పరిగెత్తాను, "మళ్లీ రండి, వారం ఆగి రండి" అన్నాను. ఆయన నన్ను వింతగా చూసి మోటర్‌సైకిల్ ఎక్కాడు.

తిరిగొచ్చి చెప్పేశాను. మెల్లగా కాదు. అంతా చెప్పాను. బీరు పాడైంది, సార్ తప్పంతా బెల్లం మీద వేశారు, నిన్న చెప్పింది ఉత్తదే.

అన్న రసం మీద తెట్టు తీస్తూ విన్నాడు. గరిటె ఆపలేదు.

"ఆయన నా ముంగటనే అన్నడు గద. నువ్వు విన్నవ్ గద."

"విన్న. అబద్ధమది."

"నీకు నౌకరీ ఇచ్చినాయన మీద గట్ల మాట్లాడొద్దు రా. మాలేసుకున్న, గిసొంటి మాటలు నాకు చెప్పకు."

అరిచాను. చెరుకు కొట్టే కూలీలు పని ఆపి చూశారు. నీకు తమ్ముడి మాట కన్నా కారులో వచ్చినోడి మాట ఎక్కువా అన్నాను. ఆయన తిరిగి అరవలేదు. గరిటె పక్కన పెట్టి రెండు చేతులూ జోడించాడు నాకు. "స్వామి శరణం. పో, తిను పో."

కొట్టినా బాగుండేది.

డిసెంబర్ 27

మాటల్లేవు. అచ్చులు కొట్టంలో కప్పు దాకా పేరుస్తున్నాడు. నేను కూడా మోస్తున్నాను. ఏం చేయను మరి.

జనవరి 3

అన్న శబరిమల బయల్దేరాడు. ఇరుముడి కట్టేటప్పుడు నన్ను కూడా బియ్యం పోయమన్నారు. పోశాను. కళ్లలోకి చూడలేదు, ఆయనా చూడలేదు.

సార్ మెసేజ్: ఇంకా ఎన్నాళ్లు సెలవు?

జనవరి 11

అన్న వచ్చాడు. మాల తీశాడు. పాత చొక్కా, పాత చెప్పులు. పాత అన్న.

సాయంత్రం కాకముందే అడిగాడు. "ఏదిరా నీ సీసా? ఉన్నదా, గది గూడ పేలిందా?"

ఇలియాస్ చెప్పి ఉంటాడు.

జనవరి 12

గానుగ పక్కన గట్టు మీద కూర్చున్నాం. ఇసుకలోంచి సీసా తీశాను. వదిన ఇంట్లోంచి రెండు స్టీలు గ్లాసులు తెచ్చి పక్కన పెట్టి వెళ్లిపోయింది. మూత తీయగానే నురగ పొంగింది, సగం నేల తాగింది. మిగిలింది పంచాను.

అన్న గ్లాసులోకి చూశాడు. వాసన చూశాడు. ఒక గుక్క. ఆగాడు. ఇంకో గుక్క. నేను ఆయన మొహమే చూస్తున్నాను, పరీక్ష రాసినవాడిలా. పులిసిందని చెబుతాడు. ఉమ్మేస్తాడు. "మీ సార్ అన్నదే నిజం" అంటాడు...

"బెల్లం యాడుంది రా గిండ్ల?"

"ఏంది?"

"మన బెల్లం. దొరుకుతలేదు."

చెప్పాను. తీపి మిగలదన్నా, ఈస్ట్ తినేస్తది, తిని దాన్ని మత్తుగా మారుస్తది, అందుకే గింత బలం. ఆయన శ్రద్ధగా విన్నాడు. ఇన్నాళ్లలో నా పని గురించి ఆయన శ్రద్ధగా విన్నది ఇదే మొదలు.

"అయితే గండ్ల నా బెల్లం ఏసినా, షాపు చక్కెర ఏసినా ఒక్కటేనా?"

"కాదు."

"ఎట్ల కాదు? సూపెట్టు."

నా గ్లాసు ఎత్తాను. బెల్లానికి వేరే రుచి ఉంటుంది — మాడు, మట్టి, చెరుకు చిగురు లాంటిది. పోయిన ఏడు పీపాలో పోయకముందు నాకు స్పష్టంగా దొరికింది. ఒట్టేసి చెప్పగలను. ఇప్పుడు వెతికాను. కళ్లు మూసుకుని వెతికాను. పులుపు అన్నిటి మీదా కూర్చుంది.

"పాడైంది గదా, గందుకే తెలుస్తలేదు," అన్నాను.

అన్న మిగిలింది పారబోయలేదు. పూర్తిగా తాగేశాడు. గ్లాసు బోర్లించాడు.

"గీ మాటకా రా నేను పసుపు తీసేసింది?"

అరవలేదు. మాల లేదు కాబట్టి అరవొచ్చు. అయినా అరవలేదు.

జనవరి 13

అన్న సార్ నంబరు ఇమ్మన్నాడు. నేను మాట్లాడతానన్నాను. "నువ్వు మాట్లాడింది సాలు. నాకు మాట ఇచ్చిండు, నేనే అడుగుత." ఇచ్చాను. ఈ రోజుతో నా ఉద్యోగం పోయినా పోనీ అనుకున్నాను. పోకపోతే మాత్రం ఏం, ఆ పీపా దగ్గరికి మళ్లీ వెళ్లి నిలబడాలి.

గట్టు చివరికి నడిచి వెళ్లి ఫోన్ చేశాడు. "నమస్తే సార్, నేను బోధన్ మల్లేశ్‌ను..." అంతవరకే వినిపించింది. కూలీలు గానుగ ఇంజన్ మొదలుపెట్టారు. ఆపమని చెయ్యి ఊపాను, వాళ్లు చూడలేదు.

అన్న వీపు ఒక్కటే కనిపిస్తోంది. ఫోన్ ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాడు. ఇంకా వింటూనే ఉన్నాడు. సార్ మెల్లగా చెబుతున్నట్టున్నారు...