మామా ఇచ్చిన ఎముకల మాత్రలు

సాల్మియా, కువైట్, 1984. గురువారం రాత్రి.

నేను పనిచేసే ఈ ఇంట్లో వంట చేసే ఖాసింబీ అక్క పొద్దున వంటింట్లో జారి పడింది. మణికట్టు విరిగింది. మేం మామా అని పిలిచే యజమానురాలు ఇచ్చే కాల్షియం మాత్రలు ఏడాదిగా మింగుతోంది, ఇక తన ఎముకలకు ఢోకా లేదనుకునేది. వాటినొక్కటే నమ్ముకోకుండా ముందే పరీక్ష చేయించుకోవాల్సిందని కట్టు వేసిన డాక్టరు అన్నాడట.

సాయంత్రం మామా అలాంటి సీసానే నా చేతిలో పెట్టి, రేపటి నుంచి నువ్వూ వేసుకో అంది. ఊళ్లో నాకు కిడ్నీలో రాయి వచ్చినప్పుడు, అడగకుండా ఇలాంటివి మింగవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ సంగతి మామాకు తెలియదు. తెలిస్తే జబ్బుమనిషినని ఇంటికి పంపేస్తుందేమో.

అక్కకు చెబితే, నొప్పికి పళ్లు బిగబట్టుకునే, "వద్దనగాకు మే. తీసుకోని పక్కన పెట్టుకో," అంది.

నాకు మనసొప్పలేదు. సీసా తిరిగిచ్చి, రాయి సంగతి చెప్పి, డాక్టరును అడిగాకే వేసుకుంటానన్నాను. మామా నన్ను ఎగాదిగా చూసి, సీసా తీసుకుని వెళ్లిపోయింది.

నేను ఈ దేశంలో ఉండేందుకిచ్చిన ఇఖామా కాగితం గడువు వచ్చే నెలతో అయిపోతుంది. రేపు డాక్టరు దగ్గరికి తీసుకెళతారో, మా ఊరికి పంపేస్తారో... గోడకవతల మామా, ఆమె భర్త బాబా ఇంకా మాట్లాడుకుంటున్నారు. ఇప్పుడే నా పేరు వినిపించింది.