రజాయి కూడా పంపండి

అక్టోబర్ 3, మంగళవారం
మా మున్సిపాలిటీ సంక్షేమ శాఖ ఉత్తరాలను డేనిష్ నుంచి ఇంగ్లీషులోకి మార్చడం నా ఉద్యోగం. ఈరోజు మా ఊళ్ళో ఉంటున్న మొరాగ్ అనే స్కాట్లండ్ ఆవిడకి ఒకటి రాశాను. ఆమె కొడుకు యూవన్‌కి ఆటిజం. రాత్రిళ్ళు వాడు నిద్రపోడు, తల్లిని నిద్రపోనివ్వడు. ఇకపై నెలకు రెండు వారాంతాలు వాడిని ఇంకో కుటుంబం చూసుకుంటుందని ఉత్తరం. తల్లి కాస్త నడుం వాలుస్తుంది. అలాంటి కుటుంబానికి మా భాషలో ఉన్న పేరును మాటకి మాట దించితే రిలీఫ్ ఫ్యామిలీ, వరద సహాయ శిబిరంలా ఉంటుంది. వీకెండ్ ఫ్యామిలీ అని పెట్టాను. హాయిగా ఉంది. నన్ను నేనే మెచ్చుకున్నాను.

అక్టోబర్ 6
జవాబు లేదు.

అక్టోబర్ 10
సోషల్ వర్కర్ ప్రేబెన్ మండిపడుతూ వచ్చాడు. మొరాగ్ తలుపు తీయలేదట. నా పిల్లాణ్ణి లాక్కోవడానికేగా వచ్చావు, శుక్రవారం అబర్డీన్ వెళ్ళిపోతున్నాం పో అని లోపల్నుంచే అరిచిందట. అక్కడ స్కాట్లండ్‌లో ఆమెకి ఎవరూ లేరు. ఏం రాశావు తల్లీ, కొంప ముంచావు అన్నాడు. ఉత్తరం మళ్ళీ చదివాను. ప్రతి మాటా సరిగ్గానే ఉంది. భయమేసింది.

అక్టోబర్ 11
నేనే వెళ్ళాను. ఉత్తరంలో ఎక్కడ భయమేసిందమ్మా అని గుమ్మం బయటినుంచే అడిగాను. తలుపు సందులోంచి ఉత్తరంలో చివరి వాక్యం చూపించింది. యూవన్ రజాయి, దిండు కూడా పంపండి. రెండు రోజులకి తీసుకెళ్ళేవాళ్ళకి పక్కబట్టలెందుకు, నేనేమైనా పిచ్చిదాన్నా అని నిలదీసింది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా డేనిష్ వాళ్ళం ఎవరింట్లో పడుకున్నా ఎవరి పక్కబట్టలు వాళ్ళమే మోసుకెళ్తాం. అది చెప్పాల్సిన సంగతని నాకు తట్టనే లేదు, నా తలకాయ! మా అత్తగారింటికైనా అంతేనమ్మా అన్నాను. అత్తగారింటికి రజాయి మోసుకెళ్తావా, సిగ్గులేదూ అంది. ప్రతి క్రిస్మస్‌కీ అన్నాను. తలుపు గొలుసు తీసింది. అబ్బ, ప్రాణం లేచొచ్చింది. టీ కూడా ఇచ్చింది. నిద్రలేమితో నా కప్పులో పంచదార రెండుసార్లు వేసింది.

అక్టోబర్ 12
ఉత్తరం తిరగరాశాను. మొదటి వాక్యమే, యూవన్ ఆదివారం సాయంత్రం ఇంటికొచ్చేస్తాడు. రెండోది, మీరు వద్దంటే ఇదంతా ఆగిపోతుంది. పక్కబట్టలు తెచ్చుకోవడం మా ఆచారమని ఆ తర్వాత. ఇది అనువాదం కాదు, బుజ్జగింపు అన్నాడు ప్రేబెన్. బుజ్జగింపే, సంతకం పెట్టు అన్నాను. పెట్టాడు.

అక్టోబర్ 21, శనివారం, మధ్యాహ్నం
నిన్న సాయంత్రం యూవన్ రజాయి, దిండుతో ఆ కుటుంబం దగ్గరికి వెళ్ళాడు. ఇప్పుడే మొరాగ్ ఫోన్ చేసింది. ఇంతసేపూ నిద్రేనంది. ఆవలించింది. మళ్ళీ ఆవలించింది. నాకూ ఆవలింత వచ్చింది.