పురుగు ముట్టింది

జూన్ 9, ఆదివారం, కంబదూరు
మా ఆయన రామాంజనేయులు గుంతకల్లు రైల్వే డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఇంట్లో అత్తయ్యా నేనూ. వాన జాడ లేదు. విత్తనపు వేరుశనగ బస్తాలన్నీ లోపలి గదిలోనే. వాటి నిండా ఎలుకలు.
చీకటి పడ్డాక ఆ గదిలోకి వెళ్ళబోతే అత్తయ్య ఆపింది. "పురుగు తిరుగుతాండాది మే. లైటు ఏసుకొని పో."

జూన్ 10
స్ప్రే కొనుక్కొచ్చి బస్తాల చుట్టూ కొట్టాను. నాలాంటి విజయవాడ పిల్లకి పురుగంటే బొద్దింకే. అత్తయ్య చూసింది. నవ్వలేదు.

జూన్ 12
సాయంత్రం ఊడుస్తుంటే చీపురుకి కుబుసం తగిలింది. నా చెయ్యంత పొడుగు. "పాము!" అని అరిచాను. అత్తయ్య పరిగెత్తుకొచ్చి నా నోరు మూసేసింది. పొద్దు గుంకినాక ఆ పేరు ఎత్తకూడదట. పిలిస్తే వస్తుందట. ఊళ్ళో అందరూ పురుగనే అంటారట.
పక్కింటి ఎర్రన్నని అడిగాను. "మా తమ్మునికి పురుగు ముట్టిండె" అన్నాడు. ఆ తమ్ముడు ఇప్పుడు లేడని వేరే చెప్పలేదు.

జూన్ 13
ఎలుకల చప్పుడు ఆగిపోయింది.

జూన్ 16, ఆసుపత్రి
నిన్న దీపాల వేళ కరెంటు పోయింది. అత్తయ్య అగ్గిపెట్టె కోసం లోపలికి వెళ్ళింది. కేక వెయ్యలేదు. వచ్చి గడప మీద కూర్చుని, మెల్లగా, "పురుగు ముట్టింది" అంది. మడమ దగ్గర రెండు చుక్కలు.
ఎర్రన్న అంబులెన్స్‌కి ఫోన్ చేశాడు. పురుగు ముట్టిందన్నాడు. ఏ పురుగు, తేలా, జెర్రా అని అటు నుంచి అడుగుతోంది అమ్మాయి. ఎర్రన్న చీకట్లోకి చూస్తాడు, నోరు తెరుస్తాడు, మళ్ళీ పురుగే అంటాడు. ఫోన్ లాక్కున్నాను. "పాము! పాము కరిచింది!"
గడప దగ్గర మూగిన వాళ్ళందరూ వెనక్కి జరిగారు. నా నుంచి.
దారిలోనే అత్తయ్య రెప్పలు వాలిపోయాయి. విరుగుడు ఇంజెక్షన్లు, వెంటిలేటర్. తెల్లారేసరికి నా వేలు పట్టుకుంది.

జూన్ 22
ఇంటికొచ్చాం. బస్తాలన్నీ బయట వేశారు, బండలు లేపారు. దొరకలేదు. ఎర్రన్న భార్య చెన్నమ్మ మా గుమ్మం తొక్కడం లేదు. నేను పేరు పెట్టి పిలిచానట. గుంతకల్లు క్వార్టర్స్‌కి వెళ్ళిపోదామన్నాడు, సెలవు పెట్టి వచ్చిన రామాంజనేయులు. అత్తయ్య, "ఇది నా ఇల్లు" అంది.

జూన్ 23
పొద్దు గుంకింది. అత్తయ్య ఖాళీ గది ఎదురుగా మంచం వేయించుకుని కూర్చుంది. ఒళ్ళో కర్ర. లోపలికి చూస్తూ, కోడిపెట్టని పిలిచినట్టు పిలుస్తోంది.
"పామా... యాడుండావు? రా."