వెంటిలేటర్‌లో దిండు

అమ్మాయీ,

ముందుగా నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాయడం మన ఇంటి అలవాటు. ఇప్పుడు అందరం అంటే నేనొక్కణ్ణే. నేను క్షేమం. అక్కడ నువ్వు కూడా క్షేమమేనని నీ ఉత్తరంలో మూడుసార్లు రాశావు. ఒక్కసారి రాసి ఉంటే నమ్మేవాణ్ణి.

నీ ప్రశ్నల్లో తేలికైనవాటికి ముందు జవాబు రాస్తాను. మోకాలి నొప్పి తగ్గింది. కళ్లజోడు మార్చాను. మీ అత్తయ్య వచ్చి నాలుగు రోజులుంది. ఇల్లంతా సర్దింది. ఏది ఎక్కడ పెట్టిందో చెప్పకుండా వెళ్లిపోయింది. చొక్కా గుండీలు ఇంకా దొరకలేదు. ఉద్యోగం ఇంకో ఏడాదిన్నర ఉంది. మొన్న ఒక ప్లైవుడ్ గోడౌను కాలిపోతే చూడ్డానికి వెళ్లాను. గుమ్మంలో అడుగు పెట్టానో లేదో ఆ యజమాని, "వైరింగంతా కొత్తగా వేయించానండీ" అన్నాడు. నేను అడగలేదు. అడక్కుండా చెప్పినదాన్నే ముందు చూడాలి. ముప్ఫై ఏళ్ల ఇన్సూరెన్స్ సర్వేయరు ఉద్యోగం నాకు నేర్పింది అదొక్కటే. వైరింగు పాతదే.

"మీ నాన్న సి.ఐ.డి.నా?" అని నీ గదిలో ఉండే పొడుగుపిల్ల అడిగిందని రాశావు. కాదని చెప్పు. నేను వచ్చి వెళ్లినప్పటి నుంచి హాస్టల్లో అందరూ నిన్ను దొంగలా చూస్తున్నారని, నీకే నామీద కోపంగా ఉందని కూడా రాశావు. కోపం ఉండాల్సిందే. కానీ ఆ రోజు నేను నీమీద అనుమానంతో వచ్చాననుకుంటున్నావు. అది మాత్రం పొరపాటు.

పోయిన నెల నువ్వు రాసిన ఉత్తరం నా ముందే ఉంది. "స్నానం చేసొచ్చాక తల దిమ్ముగా ఉంటోంది నాన్నా. మొన్న బాత్‌రూమ్ బయట కళ్లు తిరిగి కూర్చుండిపోయాను. అమ్మ గుండె జబ్బే నాకూ వచ్చిందేమో." అంతవరకు చదివి లేచాను. బస్టాండు నుంచి నీకు ఫోను చేసి, నేను వచ్చేదాకా స్నానం చేయొద్దన్నాను. "వాసనొస్తాను నాన్నా" అని నవ్వావు. దారి పొడుగునా ఆ నవ్వే వినిపించింది.

నేను వచ్చేసరికి నువ్వు క్లాసులో ఉన్నావు. వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపాడు.

"లోపలికి మగాళ్లు వెళ్లకూడదండీ."

"నేను తండ్రినయ్యా."

"తండ్రయినా మగాడే కదండీ."

అతని మాటలో తప్పు లేదు. రిజిస్టరులో పేరు రాసి, సంతకం పెట్టి, మీ తాళాలావిడ కిందికి వచ్చేదాకా నిలబడ్డాను. ఆవిడకి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు. నడుముకి ఆ గుత్తి లేకపోతే ఆవిడ ఒక పక్కకి ఒరిగిపోతుందనిపించింది.

"పదకొండేళ్ల నుంచి నడుపుతున్నానండీ ఈ హాస్టలు. ఒక్క పిల్లకి తుమ్ము కూడా రాలేదు" అంది.

నేను అడగలేదు. ఇక చూడ్డం మొదలుపెట్టాను. వెనక మెట్ల తలుపుకి తాళం ఉంది. ఎందుకన్నాను.

"భద్రత కోసమండీ. ఆడపిల్లలు కదా."

"మంటలొస్తే పిల్లలు ఎటు వెళ్లాలి?"

"శుభమా అని వచ్చి ఆ మాటలేంటండీ?"

మంటలార్పే సిలిండరు గోడకి లేదు. వంటగది తలుపు గాలికి కొట్టుకోకుండా దానికి అడ్డం పెట్టుకున్నారు. ఎత్తి చూస్తే తేలిగ్గా వచ్చింది. కిటికీల కడ్డీలు తీసే వీలు లేదు. ఇవన్నీ నేను రోజూ చూసేవే. నేను వచ్చింది వీటికోసం కాదు. బాత్‌రూమ్ చూపించమన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. వయసుమళ్లినవాడు ఆడపిల్లల బాత్‌రూమ్ చూస్తానంటే ఎవరైనా అలాగే చూస్తారు. వాచ్‌మన్‌ని తోడు పిలిచింది. ముగ్గురం వెళ్లాం.

వసారా చివర చిన్న గది. గ్యాస్ గీజరు లోపలే గోడకి బిగించి ఉంది. దాని సిలిండరూ లోపలే. తలుపు కింద సందు లేకుండా రబ్బరు పట్టీ. పైన ఒక్కటే వెంటిలేటర్. అందులో ఏదో కుక్కి ఉంది. ఎవరు కుక్కారన్నాను. తాళాలావిడ తెలియదంది. వాచ్‌మన్ ప్లంబరు పనే అయి ఉంటుందన్నాడు. ఆవిడే చేయించి దాస్తోందనుకున్నాను. పిల్లలు ఉక్కపోసి త్వరగా బయటికి రావాలని ఎవరైనా కావాలని చేశారా అనుకున్నాను. ఆ పొడుగుపిల్లని కూడా వదల్లేదు. బకెట్టు బోర్లించి, ఎక్కి, లాగాను.

దిండు. దానికి నీలంపూల గలీబు. మీ అమ్మ కుట్టినది. నువ్వు హాస్టలుకి బయల్దేరిన రోజు నేనే నీ పెట్టెలో పెట్టాను.

ఆ బకెట్టు మీదే నిలబడి గలీబు అంచు కుట్లు చూస్తున్నాను. "దిగండి బాబూ, పడతారు" అని వాచ్‌మన్ చెయ్యి అందించాడు.

క్లాసు నుంచి వచ్చాక అడిగితే నువ్వు మామూలుగా చెప్పావు. "చలిగాలి కొడుతోంది నాన్నా. మనింట్లో మీరు పెట్టినట్టే పెట్టాను." గీజరు తీయించేదాకా నేను కదల్లేదు. తాళాలావిడతో గొడవపడ్డాను, నగరపాలక ఆఫీసుకి రాస్తానన్నాను. నీకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. దిండు సంచిలో పెట్టుకుని వచ్చేశాను. ఆ దిండు ఎందుకు తీసుకెళ్లారు, గీజరు పోయాక మళ్లీ దానిమీదే పడుకునేదాన్ని కదా అని నువ్వు ఇప్పటి ఉత్తరంలో అడిగావు. కొత్తది పంపాను. ఈపాటికి చేరి ఉంటుంది.

ఇక నీ ఇప్పటి ఉత్తరం సంగతి. వేణ్నీళ్లు లేక పిల్లలు నీతో మాట్లాడ్డం మానేశారు. శనివారం తాళాలావిడ అందర్నీ కూర్చోబెడుతోంది. నాకు అభ్యంతరం లేదని నేను రెండు ముక్కలు రాసిస్తే, గీజరు మళ్లీ అక్కడే బిగిస్తుంది. చలి రాకుండా వెంటిలేటర్‌కి అద్దం కూడా వేయిస్తుంది. ఆ రెండు ముక్కలు రాయమని నువ్వు బతిమాలావు. చివర్లో ఇంకో మాట రాశావు. "ఈ మూడు వారాలుగా తలనొప్పి లేదు. కళ్లు తిరగడం లేదు. డాక్టరు గుండెకి ఇచ్చిన మాత్రలు పనిచేస్తున్నట్టున్నాయి. అమ్మకి ఎన్నేళ్లప్పుడు మొదలైందో మీరు ఇంతవరకు చెప్పలేదు. ఆయన అడుగుతున్నారు."

ఈ ప్రశ్న ఇంతకుముందు రెండు ఉత్తరాల్లోనూ అడిగావు. రెండుసార్లూ నాకు కనపడనట్టు దాటేశాను. మొన్న నీకు రెండుసార్లు ఫోను చేసింది దీనికోసమే. రెండుసార్లూ వర్షం గురించి మాట్లాడి పెట్టేశాను.

మీ అమ్మకి గుండె జబ్బు లేదు.

మన బాత్‌రూమ్‌లోనూ గ్యాస్ గీజరు లోపలే ఉండేది. వెంటిలేటర్‌లోంచి గాలి కొడుతోందని, అద్దం బిగించే మనిషిని పిలవమని ఆవిడ చెప్పింది. ఆదివారం చూద్దామన్నాను. అప్పటిదాకా ఉంటుందని పాత దిండు కుక్కాను. ఆ ఆదివారం నాలుగు నెలలైనా రాలేదు. "స్నానం చేసొస్తే తల పగిలిపోతోందండీ" అని ఆవిడ మూడునాలుగుసార్లు అంది. నీళ్లు మరీ వేడిగా పోసుకుంటున్నావన్నాను. "ఊళ్లో అందరి కొంపలూ చూసొస్తారు, సొంత కొంప మాత్రం చూడరు" అని దెప్పింది. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ రోజు పొద్దున నువ్వు కాలేజీకి వెళ్లావు. నేను ముందుగదిలో కూర్చుని ఒక బట్టల దుకాణం రిపోర్టు రాస్తున్నాను. నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. తలంటుకుంటోంది అనుకున్నాను. రిపోర్టు పూర్తయ్యింది. నీళ్లు ఇంకా పోతున్నాయి. పిలిచాను. గడియ విరగ్గొట్టి లోపలికి వెళ్లాను.

గాలి చాలని చోట గ్యాసు మండితే విషవాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ముందు తలనొప్పి, తర్వాత కళ్లు తిరగడం, తర్వాత మనిషి కూలబడిపోవడం. ఇది నాకు తెలియక కాదు. వేరేవాళ్ల ఇళ్లలో రెండుసార్లు చూశాను. రెండుసార్లూ రిపోర్టులో 'యజమాని నిర్లక్ష్యం' అని రాశాను.

ఆవిణ్ణి ముందుగదిలోకి తెచ్చాను. చేయగలిగింది చేశాను. డాక్టరుకి ఫోను చేశాను. ఆయన రావడానికి పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాల్లో నేను వెళ్లి ఆ దిండు తీసేశాను.

"ఇదివరకు గుండె జబ్బేమైనా ఉందా?" అని డాక్టరు అడిగాడు. "అప్పుడప్పుడు ఛాతీలో మంటగా ఉందనేది" అన్నాను. ఆవిడ ఆ మాట అనేది, అబద్ధం కాదు. అలాంటి నిజాలు చెప్పి తప్పించుకునేవాళ్లని పట్టుకోవడమే నా ఉద్యోగం. ఆయన గుండె అని రాశాడు. నీకూ అదే చెప్పాను. నీ ముఖం చూస్తూ వేరే మాట చెప్పలేకపోయాను. నువ్వు ఆ మాట పట్టుకుని ఇన్నాళ్లూ నీ గుండెనే అనుమానించావు. పక్కనున్న దిండుని అనుమానించలేదు. అనుమానించడానికి నేను ఏమీ మిగల్చలేదు.

నీ తలనొప్పి తగ్గింది మాత్రలవల్ల కాదు. గీజరు తీసేసినందువల్ల. నీ అంతట నువ్వు మాత్రలు మానేయకు. ఈ ఉత్తరం పట్టుకెళ్లి ఆ డాక్టరుకి చూపించు. అమ్మ గురించి అబద్ధం చెప్పింది మా నాన్న అని చెప్పు. పొడుగుపిల్లకి పోయిన నెల వాంతులయ్యాయని, బయటి తిండి పడలేదనుకున్నారని నువ్వే రాశావు. ఆ పిల్లనీ తీసుకెళ్లు.

తాళాలావిడ అడిగిన రెండు ముక్కలు నేను రాయను. బదులుగా శనివారం ఈ ఉత్తరం అందరిముందూ చదువు. మొదటి పేజీ వదిలేసినా పరవాలేదు, దిండు దగ్గర్నుంచి ఒక్క ముక్క వదలకు. నా పరువు గురించి ఆలోచించకు. వేణ్నీళ్లు కావాలంటే గీజరూ సిలిండరూ గది బయట బిగించి నీళ్లు మాత్రం గొట్టంలో లోపలికి తెచ్చుకోవాలి. వంటగది తలుపుకి అడ్డం పెట్టిన మంటలార్పే సిలిండరు నింపించాలి, వెనక తలుపు తాళం తీయాలి. శుక్రవారం బస్సుకి నేను బయల్దేరుతున్నాను. గేటు దగ్గరే నిలబడతాను. లోపలికి రమ్మంటావో, వెళ్లిపొమ్మంటావో నీ ఇష్టం. ఏదన్నా నేను మారు మాట్లాడను.

ఇంకొక్కటి. కాలిన చోట ఏ వస్తువు తీసినా దానికి చీటీ కట్టడం మా పద్ధతి. ఎక్కడ దొరికింది, ఎవరు తీశారు, అక్కడ ఎవరు పెట్టారు. అమ్మ పోయిన రోజు తీసిన దిండు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. పారేయలేకపోయాను. దానికి చీటీ కట్టాను గానీ, ఎవరు పెట్టారు అన్నచోట ఏమీ రాయలేదు. ఇవాళ నా పేరు రాశాను. పక్కన నీ నీలంపూల దిండు పెట్టి దానికీ చీటీ కట్టాను.

రెండో చీటీలోనూ నా పేరే రాశాను.

ఇట్లు,
గేటు బయట ఉండబోయే
మీ నాన్న